సాము నేర్చిన చేయి

కఱ్ఱసామునకును కాపురమునకును పొత్తేమి యని మీలో ననేకులు నవ్వుదురు. ఏడాది క్రిందట నేనును నవ్వినదాననే. గరిటె త్రిప్పు చేతికి కఱ్ఱ త్రిప్పు నేర్పెందులకు? పోరాడుటకు మన కెవ్వరు శత్రువులు? ఇదియే నా వాదము. ఆ వాదము తప్పని నాకు దెలిపినది గ్రంథము గాదు, మా యింటి పెరడు. ఆ సంగతి విన్నవించుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది తర్లుపాడు, మార్కాపురమునకు చేరువనున్న మెట్టగ్రామము. పడమట నల్లమల కొండలు, చుట్టును వాననుజూచి బ్రతుకు చేలు. మా వారు బడిపంతులు. ఇంట మా యత్తగారు, మే మిరువురము, పిల్ల లిద్దఱు. పెద్దది ఆడపిల్ల, పదుమూడవయేట నున్నది. ప్రభుత్వ పాఠశాలలలో ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు చదువు బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట మూడునెలలు ఆత్మరక్షణ శిక్షణ మిచ్చు పథక మొకటి గలదు. దాని బడిలోను అది జరిగినది. మూడునెలలు ముగిసినవి, పిల్ల మాత్రము విడువలేదు. మా వీథిచివర నొక వృద్ధ వస్తాదు గలడు. పీర్లపండుగ దినములలో కఱ్ఱసాము చూపువాడు. ఆయన తన మనుమరాండ్రకు తెల్లవాఱుజామున సాము నేర్పుచుండగా నిదియు పోయి వారిలో జేరెను.

ఆ మాసముననే పిల్ల పెద్దమనిషి యయ్యెను. అత్తగారు పట్టుపట్టిరి. "ఇంకెన్నాళ్లు అమ్మాయీ, ఆ కర్రలు? చెయ్యో కాలో విరిగితే రేపు దాన్నెవరు చేసుకుంటారు? నలుగురూ ఏమనుకుంటారు?" అని నన్నడిగిరి. మా వా రిది ఆడువారి వ్యవహారమని పుస్తకములో తలదూర్చిరి. తీర్పు నామీద బడెను. నిజము చెప్పవలెనన్న నాకును లోలోపల మాన్పించుటయే మేలని తోచినది. అపుడు పిల్ల నాచేయి పట్టుకొని, "అమ్మా, వచ్చే ఉగాది దాకా చూడు. చదువు తగ్గినా, ఇంట్లో నా పని తగ్గినా నేనే మానేస్తాను" అనెను. పంతులుగారి యింట పరీక్షకు గడు వడిగినవారిని కాదనుట యెట్లు? సరే యంటిని. అత్తగారు మూడుదినములు నాతో సరిగా మాటలాడలేదు.

ఆ దినములలో నేను భారతము తెఱచితిని. మా నాయనగారు నన్ను బడికి బంపక యింటనే కూర్చుండబెట్టి చదివించిన గ్రంథమది. ఆదిపర్వములో కుమారుల విద్యాభ్యాసఘట్టమున నొక చిన్న కథ గలదు. అర్జును డొకరాత్రి భుజించుచుండగా గాలికి దీప మాఱినది. చీకటిలో గూడ చేయి తప్పక నోటికే పోవుచుండుట యాతడు గమనించెను. నిత్యాభ్యాసముచేత చేతికి గన్నుల పని యబ్బినదని గ్రహించి, ఆ రాత్రినుండియే చీకటిలో బాణము వేయుట సాధన చేసెను. చిన్ననాట నాకు ఆ కథలో విల్లు మాత్రమే కనబడినది. ఈసారి అన్నపుముద్ద కనబడెను. అన్నపుముద్ద విలువిద్యకు గురువు కాగలిగినచో, విలువిద్య అన్నము వండు చేతికి గురువు కాగూడదా? ఈ ప్రశ్న నాలో మెదలిన పిదప నేను పిల్లను శ్రద్ధగా గనిపెట్ట నారంభించితిని.

మొదట మన పూర్వుల సంగతి. ఈ విద్య మనకు క్రొత్తది కాదు. సాముగరిడీలని, తాలింఖానాలని మన పల్లెలలోను పట్టణములలోను పేరుపడిన తావు లెన్నియో యుండెడివి. దండీలు, బస్కీలు, గద త్రిప్పుట, కుస్తీ, కఱ్ఱసాము, కత్తిసాము అచటి పాఠములు. అవి పురుషులవే యని యనుకొందుము గాని చరిత్ర అట్లు చెప్పదు. కాకతీయ రుద్రమదేవి రాజ్యభారము వహించిన వీరనారి. నల్గొండ ప్రాంతమునందలి చందుపట్ల శాసనము 1289లో ఆమె మరణమును దెల్పుచున్నది. మార్కాపురమునకు సమీపముననే యున్న త్రిపురాంతక క్షేత్రమున ఆ కాలపు శాసనములు నేటికిని గలవు. అనగా నా ఖడ్గపు నీడ మన సీమ మీదను బడినదన్నమాట. విజయనగరమును జూచి సుమారు 1535 ప్రాంతమున వ్రాసిన నూనిజ్ అను పోర్చుగీసువాడు, రాజుగారి కొలువులో లెక్కలు వ్రాయు స్త్రీలతోపాటు మల్లయుద్ధము చేయు స్త్రీలును గలరని వ్రాసియున్నాడు. లెక్కయు కుస్తీయు నొకే కొలువున ఆడుదాని కుచితమని యెంచిన కాలమది.

ఇరువదవ శతాబ్దపు ప్రారంభమున కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగుటిల్లు లేదు. ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున బుట్టి, విజయనగరమున సాధన చేసి, ఱొమ్మునకు జుట్టిన యినుపగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, ఱొమ్ముపై నేనుగును నిలుపుకొనుట మొదలగు ప్రదర్శనములచే కలియుగభీముడని పేరొందిరి. 1942లో కీర్తిశేషులైరి. ఆయన సర్కసువలన ప్రసిద్ధులైనను, దానికి ముందు విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయులుగా నుండిరని మనలో బహుకొద్దిమంది యెఱుగుదురు. బడిపంతులు భార్యను గనుక నా కీ సంగతి మిక్కిలి ప్రియము. ఏనుగును మోసిన ఱొమ్మునకు మూలము ఊపిరిని స్వాధీన మొనర్చుకొనుటయే. అది పిల్లలకు నేర్పదగిన పాఠము, మనమును నేర్వదగిన పాఠము.

ఇక పరదేశముల మాట. జపానులో కానో జిగోరో అను విద్వాంసుడు 1882లో టోకియోనగరమున జూడో విద్యాలయము స్థాపించెను. ఆయనయు వృత్తిచే ఉపాధ్యాయుడే. బలమును వ్యర్థపుచ్చక సద్వినియోగము చేయుట, తానును ఎదుటివాడును గలిసి బాగుపడుట అను రెండు సూత్రములను ఆ విద్యకు ప్రాణముగా జెప్పెను. ఆ విద్యలో శిష్యునకు మొట్టమొదట నేర్పు పాఠము పడవేయుట గాదు, పడుట. గడ్డమును ఱొమ్మునకు జేర్చి, వీపును గుండ్రముగా వంచి, అఱచేతిని నేలకు ఊతముగా జాపక, దొర్లి లేచుట. రవీంద్రనాథ ఠాకూరుగారు 1929లో తకగాకి యను జపాను గురువును శాంతినికేతనమునకు రప్పించి, బాలురకేగాక బాలికలకును ఈ విద్య నేర్పించిరి. కేరళమున వడకరలో మీనాక్షియమ్మగారు డెబ్బదియేండ్లు దాటిన వయస్సున చీర బిగించి కళరిపయట్టు నేర్పుచు 2017లో పద్మశ్రీ పొందిరి. మన నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ ముష్టియుద్ధమున 2022లో ఇస్తాంబులునను, మఱుసటియేట ఢిల్లీలోను ప్రపంచవిజేత యయ్యెను.

వీరందఱు గొప్పవారు. మన పిల్లలందఱు పతకములు తేనక్కఱలేదు. పతకము రాని సాధన యింటికేమి యిచ్చును? అదియే నా ప్రశ్న. నేను గన్నది చెప్పెదను.

వస్తాదుగారు పిల్లచేతికి కఱ్ఱ యిచ్చుటకు ముందు నెలదినములు నిలుచుట మాత్రమే నేర్పిరి. పాదములు భుజములంత యెడముగా, మోకాళ్లు కొంచెము వంచి, నడుము నిటారుగా. ఆ నిలుకడలో బరువు నొక కాలినుండి వేఱొక కాలికి మార్చుట రెండవ పాఠము. దీని ఫలితము నేను మొదట నీళ్లడబ్బాయొద్ద జూచితిని. మా ప్రాంతమున త్రాగునీటి యిబ్బంది మీరెఱుగుదురు. ఇరువది లీటర్ల డబ్బాలు కొని తెచ్చుకొనువార మనేకులము. ఇరువది లీటర్లనగా ఇరువది కిలోల పైమాటే. నే నేండ్లతరబడి నడుము వంచి దాని నెత్తి, నొప్పితో మూల్గుచు పడకజేరెడిదానను. పిల్ల ఒకనాడు నన్నాపి, "అట్లా కాదమ్మా, డబ్బా దగ్గరికి జరుగు, మోకాళ్లు వంచు, దాన్ని ఒంటికి ఆనించుకొని లే" అనెను. బరువు దేహమునకు దూరమైనకొలది నడుముపై భారము హెచ్చునని, తొడలు నడుముకన్న బలమైనవని దాని వివరణము. అట్లే చేసితిని. ఇపుడు డబ్బా యెత్తిన రాత్రి నాకు నొప్పి లేదు.

మూడవ పాఠము చూపు. ఎదుటివాని కఱ్ఱకొనను జూడగూడదు, భుజమును జూడవలెను. దెబ్బ భుజముననే మొదలగును. నాలుగవది ఊపిరి. దెబ్బ వేయునపుడు విడువవలెను, కాచుకొనునపుడు బిగబట్టగూడదు. ఐదవది నమస్కారము. ఆరంభమున గురువునకు, నేలకు. ముగింపున ఎదుట నిలిచినవారికి. ఓడినను సరే, గెలిచినను సరే. ఆఱవది ఆపుట. కఱ్ఱ యెదుటివాని తలకు జానెడు దూరమున నిలిచిపోవలెను. కొట్టుట నేర్చుటకన్న నిది కష్టమని వస్తాదుగారి మాట.

ఇక మా యింట జరిగిన ముఖ్యసంగతి. మాఘమాసమున నొక యుదయము మా యత్తగారు పెరటిబండమీద కాలు జాఱిపడిరి. పడునపుడు అందఱును జేయునట్లే అఱచేయి ముందుకు జాపిరి. మణికట్టు వంకరవోయెను. ఆమె కేక విని నేను బరుగెత్తి వచ్చి, వడకుచు ఆమె రెండుచేతులు బట్టి లాగి లేపబోతిని. పిల్ల నా భుజముమీద చేయివైచి, "అమ్మా, లాగవద్దు" అనెను. దాని గొంతులో తొట్రుపాటు లేదు. ఒకసారి నిండుగా ఊపిరి విడిచి, జేజి ప్రక్కన మోకాళ్లపై గూర్చుండి, "జేజీ, తల తగిలిందా? నడుము నొస్తోందా? కాళ్లు కదుపు" అని యడిగెను. తలకు దెబ్బ లేదు, కాళ్లు కదలుచున్నవి. అపుడు వాపు రాకమునుపే చేతి గాజును మెల్లగా దీసినది. లోపలికిబోయి మా వారి చిన్ననాటి మార్కాపురపు పలకను, రెండు తువ్వాళ్లను దెచ్చెను. పలకపై తువ్వాలు మడచి పఱచి, ఆ చేతిని కదలనీయక దానిపై నుంచి, రెండవదానితో బిగువుగా గాక కట్టి, వ్రేళ్లకొనలు చల్లబడలేదని తాకిచూచి, నా పాతచీర చెఱగుతో మెడకు వ్రేలాడదీసెను. బడి శిక్షణములో ప్రథమచికిత్సయు నొకపాఠమట. మార్కాపురమున వైద్యుడుగారు ఎముక విఱిగినదని చెప్పి, ఇంటికట్టు జూచి, "ఇది కట్టినవారెవరు?" అని యడిగిరి. మా యత్తగారు పిల్లను ముందుకు నెట్టిరి గాని మాటాడలేదు.

ఆఱువారములు కట్టు. ఆ యాఱువారములు నాకును పరీక్షయే. నొప్పితో నున్న వృద్ధురాలు, బడికి వేళయగుచున్న పిల్లలు, పొయ్యిమీద పొంగు పాలు. నాది త్వరగా మండు స్వభావము. ఇది నా తప్పు, దాచుకొననేల? ఒకనాడు చిన్నవాడు గిన్నె తన్ని పప్పంతయు నేలపాలు చేసెను. చేయి యెత్తితిని. ఎత్తినచేయి యెదుట పిల్ల నిలిచి, అడ్డు చెప్పక, నావంక జూచి మెల్లగా నూపిరి విడిచెను. నాకు జానెడు దూరమున నాగు కఱ్ఱ జ్ఞప్తికి వచ్చెను. చేయి దింపితిని. చిన్నవానిచేతనే గుడ్డ తెప్పించి యిద్దఱము నేల తుడిచితిమి. పదుమూడేండ్ల బిడ్డకడ ముప్పదియైదేండ్ల తల్లి సంయమము నేర్చుకొనుట సిగ్గనిపించినది. కాని ఆ సిగ్గు నన్ను పెరటిలోనికి నడిపించెను. మఱునాటినుండి నేనును తెల్లవాఱుజామున చీరకుచ్చెళ్లు దోపి దానితోపాటు పది బస్కీలు తీయ మొదలిడితిని. మూడవనాడు మెట్లెక్కలేకపోతిని. మాసము దిరుగునప్పటికి ఇరువదియైదు తీయుచుంటిని.

ఇందులో మాయ యేమియు లేదు. దినమును ఒకేవేళ, ఒకేపని, మనసున్నను లేకున్నను చేయుటచే దేహమునకు పాటు అలవడును. భయమో కోపమో కలిగినపుడు ఊపిరి పొట్టిదై గుండె వడిగా కొట్టుకొనును. దీర్ఘముగా ఊపిరి విడుచుట యలవాటైనవారికి ఆ వేగ మొకింత తగ్గి, యోచించుటకు క్షణకాలము దొరకును. సంసారమున పెక్కు తప్పులు ఆ క్షణము దొరకకయే జరుగుచున్నవి.

పడిపోవుట చిన్నమాట యనుకొనకుడు. ప్రపంచమున నేటేట ఆఱులక్షల యెనుబదినాలుగువేలమంది పడుటవలననే మరణించుచున్నారని ప్రపంచారోగ్యసంస్థ యంచనా. వారిలో హెచ్చుభాగము ముదుసలులు. కాళ్లబలము, నిలుకడ పెంచు వ్యాయామములచే వృద్ధులు పడుట నూటికి 23 వంతులు తగ్గునని 2019లో పెక్కు పరిశోధనములను గ్రోడీకరించిన విద్వాంసులు తేల్చిరి. పెద్దవారు వారమునకు 150 నిమిషములకు దగ్గకుండ, బిడ్డలు దినమున కొకగంట దేహమును శ్రమింపజేయవలెనని ఆ సంస్థవారి సలహా. వృద్ధులు వారమున మూడుదినములైనను నిలుకడ సాధన చేయవలెనట.

కొన్ని హెచ్చరికలు చెప్పక తీరదు. సాము నేర్చినంతమాత్రమున ఆడుది యెల్ల యాపదలనుండియు తప్పించుకొనునని నేననను. బడిలో నేర్పిన గురువమ్మగారి మొదటిమాట, పాఱిపోవుటకు వీలున్నపుడు పోరాడవద్దని. పెద్దగా నఱచుట, పదిమందిలోనికి పరుగెత్తుట, ఇంట చెప్పుట, 112కుగాని స్త్రీల సహాయమునకై 181కుగాని ఫోను చేయుట. ఇవియు ఆ విద్యలో భాగములే. ఆపద పొందిన యాడుదానిని జూచి, "నీవేల తిరుగబడలేదు?" అని యడుగుట కంటె క్రూరము లేదు. తప్పు చేసినవానిది, నేర్వనిదానిది గాదు. బిడ్డ యింటికివచ్చి యెవరిగూర్చియైన నొకమాట చెప్పినచో నోరుమూయక వినుడు. మనము వినని యింట ఏ సామును దానిని కాపాడదు.

ఇక నెట్లు మొదలిడవలెను? తగిన గురువు ముఖ్యము. నమస్కారము నేర్పనివాడు, కొట్టి నేర్పువాడు, తల్లిదండ్రులు వచ్చి చూచుట కొప్పుకొననివాడు పనికిరాడు. నే నొకవారము వస్తాదుగారి యరుగుమీద గూర్చుండి చూచిన పిదపనే పిల్లను నిశ్చింతగా బంపితిని. ఇంట నారంభించువారు పది నిమిషములతో మొదలిడుడు. గోడకు వీపు జేర్చి మోకాళ్లు వంచి నిలుచుట, కుర్చీనుండి చేతుల యూతములేక పదిసార్లు లేచుట, గోడప్రక్కన ఒంటికాలిపై పది లెక్కించువఱకు నిలుచుట, ఇవి చాలును. గర్భిణులు, రక్తపుపోటు, మోకాళ్లనొప్పులు గలవారు వైద్యు నడిగి చేయవలెను. ముదుసలులు దొర్లిపడుట నేర్వబోవలదు. వారికి కాళ్లబలమే రక్ష. నెలసరి దినములలో ఓపినంత చేయవచ్చును, ఓపనినాడు మానవచ్చును. పాలు, పప్పు, వేరుసెనగలు మగపిల్లవానితో సమానముగా ఆడుపిల్లకును బెట్టుడు. తిండి పెట్టక సాము చేయించుట ఎండిన చెఱువున చేపలు పట్టుట వంటిది.

ఉగాది వచ్చినది. గడువు ముగిసినది. పిల్ల బడిలెక్కల పుస్తకమును నాముందు బెట్టి నిలిచెను. మార్కులు తగ్గలేదు, పెరగనులేదు. ఇంటిపనిలో దాని వంతు తగ్గలేదు. నేను తీర్పు చెప్పబోవునంతలో అరుగుమీదినుండి మా యత్తగారు పిలిచిరి. కట్టు విప్పినను చేయి యింకను పూర్తిగా తిరుగుటలేదు. వైద్యులు నిత్యము కదలింపుమనిరి. "ఏమే తల్లీ, ఆ కర్ర ఇటు తే. చెయ్యి తిరగాలంటే దాన్ని మెల్లగా తిప్పమన్నారు గదా డాక్టరుగారు. ఎట్లా పట్టుకోవాలో చూపించు" అనిరి.

పిల్ల వస్తాదుగారి బరువుకఱ్ఱను దేలేదు. పప్పు గుత్తిని దెచ్చి జేజిచేతిలో బెట్టి, తన చేతిని క్రింద ఊతముగా నుంచినది. ఇప్పుడు మా పెరటిలో తెల్లవాఱుజామున ముగ్గురము నిలుచుచున్నాము. మా యత్తగారు గుత్తి త్రిప్పుచు, నా మోకాళ్లు సరిగా వంగుటలేదని నన్ను దిద్దుచుందురు.